కానరాని వేడిమి

హిమవంతుని ఒడిలో, నర నారాయణ పర్వతముల నడుమ, అలకనందా తీరమున వెలసిన బదరికాశ్రమము నూటయెనిమిది దివ్యదేశములలో ఒకటి. పెరియాళ్వారును, తిరుమంగై ఆళ్వారును మంగళాశాసనము చేసిన దివ్యస్థలమది. వార్ధక్యము వచ్చి కాళ్ళు తడబడకమునుపే బదరికి పోయి స్వామిని సేవింపుడని తిరుమంగై ఆళ్వారు జనులను హెచ్చరించినారు. సముద్రమట్టమునకు సుమారు 3,100 మీటర్ల ఎత్తున నున్న ఆ క్షేత్రమున మానవులకు దర్శనభాగ్యము ఏటా ఆరు మాసములు మాత్రమే. నవంబరు మాసమున ఆలయ కవాటములు మూసివేయబడును. మరల వైశాఖము వచ్చు వేళకు, ఏప్రిల్ చివరనో మే మొదటనో, తెరువబడును. నడిమి కాలమున నారద మహర్షి స్వామిని అర్చించునని పెద్దల విశ్వాసము. ఉత్సవమూర్తియైన ఉద్ధవుడు ఆ ఆరు మాసములు దిగువనున్న పాండుకేశ్వరమున వేంచేసియుండును.

కవాటములు మూయు దినమున అచట ఒక ఆచారము కలదు. సమీపమందలి మాణా గ్రామ స్త్రీలు నేసిన ఉన్ని కంబళికి నేయి పట్టించి స్వామికి కప్పుదురు. పిదప తలుపులు మూసి, కొండ దిగివత్తురు. ఆరు మాసములు మంచు కురిసి, పేరుకొని, దారులను కప్పివేయును. తలుపులు తెరచిన నాడు ఆ కంబళి పోగులను భక్తులకు ప్రసాదముగా పంచుదురు.

కవాటోద్ఘాటన సమయమున బదరి చేరిన యాత్రికునకు ఒక వింత గోచరించును. ఆకాశమున సూర్యుడు ప్రకాశించుచుండును. ఎండ కన్నులకు మిరుమిట్లు గొలుపును. వారములుగా అట్టి ఎండ కాయుచున్నను దారికి ఇరువైపుల మంచుగుట్టలు అట్లే నిలిచియుండును. వానిపై చేయి పెట్టిచూచిన, మాఘమాసమున నెట్లుండెనో ఇప్పుడును అట్లే చల్లన. ఇన్ని దినముల సూర్యుని వేడి ఏమైనట్లు? అది వ్యర్థమైనదా?

ఈ ప్రశ్న మంచును గూర్చినది మాత్రమే కాదు. నలుబదియేండ్లు పురాణశ్రవణము చేసినను తన కోపము తగ్గలేదని, అనుదినము సహస్రనామ పారాయణము చేసినను తన మనసు మెత్తబడలేదని లోలోన కుములు ప్రతి గృహస్థుని ప్రశ్నయు ఇదియే.

గృహస్థుని వేదన

గోదావరి సీమనుండి బదరీయాత్రకు వచ్చిన ఒక బృందమున అట్టి గృహస్థుడొకడుండెను. అరువదియేండ్లు పైబడినవాడు. ఏకాదశీ వ్రతము తప్పనివాడు. ఇంట శ్రీవైష్ణవ సంప్రదాయముగా తిరువారాధనము సాగుచుండెను. కాని పన్నెండేండ్లుగా సొంత తమ్మునితో మాట లేదు. ఇరువురి చేలకు నడుమనున్న గట్టు జానెడు జరిగినదని మొదలైన తగవు అది. కోర్టు వ్యాజ్యము ముగిసినది, గట్టు స్థిరపడినది, మనసులు మాత్రము కలియలేదు.

ఆ బృందముతో కూడ వయోవృద్ధుడైన పురాణ పండితుడొకరు వచ్చియుండిరి. దారి పొడవునను వారు శ్రీమద్భాగవతమును ప్రవచించుచుండిరి. ద్వితీయ స్కంధమున శౌనక మహర్షి పలికిన మాట ఒకటి వచ్చినది. హరినామములు చెవిని పడినను ఏ హృదయము చలింపదో, కన్నుల నీరు గాని మేన పులకలు గాని కలుగవో, ఆ హృదయము శిలవంటిదని ఆ మాటకు తాత్పర్యము. అది విన్నది మొదలు ఆ గృహస్థునకు నిదుర లేదు.

బదరి చేరి స్వామిని సేవించిన పిమ్మట అతడు పండితుని సమీపించి నమస్కరించెను.

“స్వామీ, దాసుని సందేహము ఒకటి. సంప్రదాయములో చేరిన తొలి దినములలో దాసునిలో మార్పు స్పష్టముగా కనబడినది. చుట్ట మానినాడను. కూలివారిని తూలనాడుట మానినాడను. నలుగురు చూచి మెచ్చినారు. ఆ తరువాత ఏండ్లు గడచినవి, పారాయణములు పెరిగినవి, మార్పు మాత్రము ఆగిపోయినది. తమ్ముని పేరు వినిన నేటికిని ఒడలు మండును. స్వామి ఎదుట నిలిచినను కంట నీరు రాలేదు. శౌనకుల వారు చెప్పిన శిల దాసుని హృదయమేనేమో!”

పండితుడు వెంటనే సమాధానము చెప్పలేదు. ఆలయము దిగువనున్న తప్తకుండము కడకు అతనిని కొనిపోయెను. పక్కనే అలకనంద మంచునీటితో పరుగులిడుచుండగా, ఆ గట్టుననే భూగర్భమునుండి పొగలు గ్రక్కుచు వెలువడు వేడినీటి కుండమది. దర్శనమునకు ముందు భక్తులు అందు స్నానము చేయుదురు. మొదట కాలు మోపుటకే జంకు కలుగునంతటి వేడి. పండితుడు దారి పక్కనున్న గట్టి మంచును ఒక చెంబులో కూరి, దానిపై కుండపు వేడినీరు కొంత పోయించి, “నాయనా, ఇందు వ్రేలు పెట్టి చూడు” అనెను.

గృహస్థుడు వ్రేలు ముంచెను. నీరు మంచువలె చల్లగానుండెను. మంచు ముద్ద ఇంకను తేలుచుండెను.

“వేడి ఏమైనది?”

“చల్లారిపోయినది స్వామీ.”

“చల్లారి ఎచటికి పోయినది? చెంబు వెలుపలికి పోవుటకు వ్యవధి యెక్కడిది? మరల చూడు. మంచు నీవు కూరినంత ఉన్నదా?”

మంచు తగ్గియుండెను.

నీటి ధర్మము

ఆ చెంబులో జరిగినదేమో ఒకింత విచారింపవలసియున్నది. పదార్థములు వేడిని బట్టి తమ అవస్థను మార్చుకొనుట ప్రతి గృహిణికిని తెలిసినదే. ధనుర్మాసపు చలికి గిన్నెలోని నేయి పేరుకొనును. కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టును. పొయ్యి చెంత పెట్టిన రెండును కరుగును. నీటికిని అట్టి నియమమే కలదు. సెంటీగ్రేడు మానమున సున్న డిగ్రీల వద్ద నీరు గడ్డకట్టును. ఆ సున్న డిగ్రీల వద్దనే మంచు కరుగును. కొండమీద గాలి ఒత్తిడి తక్కువ కావున బదరిలో నీరు 90 డిగ్రీల సమీపముననే మరగును, అన్నము ఉడుకుట ఆలస్యమగును. మంచు కరుగు మెట్టు మాత్రము కొండపైన గాని సముద్రతీరమున గాని ఇంచుమించు ఒక్కటే. క్షేత్రమునకు పోయినవానికి ఒక ధర్మము, ఇంట నున్నవానికి ఒక ధర్మము ఈ విషయమున లేదు.

సున్నకు పది డిగ్రీలు తక్కువగానున్న ఒక గ్రాము మంచును తీసికొని దానికి వేడి నిత్తమనుకొందము. ఉష్ణమాపకములోని పాదరసము వెంటనే పైకి లేచును. సున్న డిగ్రీలకు వచ్చుటకు పట్టు వేడి కేవలము అయిదు కెలోరీలు. అచటికి వచ్చిన పిదప పాదరసము నిలిచిపోవును. ఇంకను వేడి నిచ్చుచుందుము. పది కెలోరీలు, ఇరువది, నలుబది, అరువది. పాదరసము కదలదు. ఇంచుమించు ఎనుబది కెలోరీలు ఇచ్చినగాని ఆ ఒక గ్రాము మంచు పూర్తిగా నీరు కాదు. కడపటి పలుకు కరిగిన పిమ్మటనే పాదరసము మరల పైకి సాగును. ఆ ఎనుబది కెలోరీల వేడితో ఒక గ్రాము చల్లని నీటిని సున్ననుండి ఎనుబది డిగ్రీల వరకు కాచవచ్చును. అంతటి వేడి మంచులోనికి పోయియు, ఒక్క డిగ్రీయైనను పెరిగినట్లు కనబడలేదు.

అందుచేతనే శాస్త్రజ్ఞులు దీనికి గుప్తోష్ణమని పేరిడినారు. దీనిని కనుగొని నిరూపించినవాడు స్కాట్లండు దేశమున గ్లాస్గో విశ్వవిద్యాలయమందు ఆచార్యుడుగానుండిన జోసెఫ్ బ్లాక్. 1760 ప్రాంతమున ఆయన రెండు సమానమైన గాజుబుడ్లను తీసికొని, ఒకదానిలో నీటిని గడ్డకట్టించి, రెండవదానిలో మంచువలె చల్లనైన నీటినుంచి, రెండింటిని ఒకే విశాలమైన గదిలో వ్రేలాడదీసెను. నీటి బుడ్డి అరగంటలో ఫారన్‌హీటు మానమున 7 డిగ్రీలు వెచ్చబడెను. మంచు బుడ్డి ఆ వెచ్చదనమునకే వచ్చుటకు పదిన్నర గంటలు పట్టెను. గదిలోని వేడి రెండింటికిని ఒక్కటే. నడుమ గడచిన అన్ని గంటల వేడియు మంచు కరుగుటకే వెచ్చమైనది.

ఆ వేడి చేయుచున్న పనియేమి? మంచులో నీటి కణములు ఒకదానినొకటి గట్టిగా పట్టుకొని, వరుసలు తీరి, కదలక నిలిచియుండును. లోనికి వచ్చిన వేడి ఆ కణముల బంధములను సడలించుటకు వినియోగపడును. బంధములు సడలుచున్నంత కాలము ఉష్ణోగ్రత పెరుగదు. డిగ్రీ పెరుగకపోవుట వేడి లేదనుటకు గుర్తు కాదు. బంధము వీడుచున్నదనుటకు గుర్తు.

తప్తకుండపు గట్టున పండితుడు గృహస్థునకు చెప్పిన మాటయు ఇదియే. “నాయనా, తొలి దినములలో నీవు చుట్ట మానుట, నోరు అదుపు చేసికొనుట పాదరసము పైకి లేచిన దశ. అది మంచి దశయే. కాని అప్పుడును నీవు మంచుగనే ఉంటివి. కొంచెము తక్కువ చల్లనైన మంచు, అంతే. ఇప్పుడు నీవు ఆగిపోయితినని యేడ్చుచున్న చోట అసలు పని జరుగుచున్నది. శౌనకుల వారు శిలను గూర్చి చెప్పినారు. శిల ఎంత ఎండకును కరుగదు, కరుగలేదని దుఃఖింపదు. నీకు నిదుర పట్టకుండుటయే నీది శిల కాదనుటకు సాక్ష్యము.”

ఆలస్యము కూడ అనుగ్రహమే

గృహస్థుడు మరల అడిగెను: “సర్వశక్తుడైన స్వామి తలచిన ఒక్క క్షణములో కరగింపలేడా? ఇంత ఆలస్యమేల?”

ఈ ప్రశ్నకు జోసెఫ్ బ్లాక్ ఆలోచించిన తీరులోనే ఒక సమాధానము దొరకును. మంచు సున్న డిగ్రీలు దాటిన వెంటనే ఒక్కుమ్మడిగా నీరైపోవునట్లున్న, వసంతము వచ్చిన ఒక్క దినముననే కొండలమీది మంచు అంతయు వరదయై దేశములను ముంచివేయునని ఆయన తర్కించెను. అట్లు జరుగకపోవుటను బట్టియే, కరుగుటకు వేరుగా విశేషమైన వేడి కావలెనని ఊహించెను.

ఒక్కుమ్మడిగా కరిగిన మంచు ఏమి చేయునో బదరీనాథుడు వేంచేసియున్న చమోలీ జిల్లాయే కన్నులార చూచినది. 2021 ఫిబ్రవరి 7వ తేదీన రోంటి శిఖరము పార్శ్వమునుండి బ్రహ్మాండమైన శిలయు మంచును విరిగి లోయలోనికి పడినవి. పడిన వేగమునకు, ఒరిపిడికి పుట్టిన వేడిచేత అందలి మంచు దాదాపు అంతయు కొద్ది నిముషములలో నీరై, రాళ్ళను బురదను కలుపుకొని ఋషిగంగా ధౌళీగంగా లోయలలో ప్రళయమువలె సాగినది. రెండు వందల మందికి పైగా మరణించిరి లేక గల్లంతైరి. ఆ నీరు ఇతర దినములలో పైరులను తడుపు నీరే. వచ్చిన తీరు వేరైనందున మృత్యువైనది.

మెల్లగా కరుగుటచేతనే హిమము అలకనందయై, దేవప్రయాగమున భాగీరథితో కలసి గంగయై, మండువేసవిలో సైతము మైదానములకు నీరిచ్చుచున్నది. ఏండ్ల తరబడి ఘనీభవించిన అహంకారము ఒక్క దినమున విరిగిపడిన, దానిని మోయు శక్తి జీవునకు చాలదు. నమ్మాళ్వారు శ్రీకృష్ణుడు రోటికి కట్టువడిన సౌలభ్యమును తలచి ఆరు మాసములు మూర్ఛిల్లిరని గురుపరంపర చెప్పును. ఆ ద్రవీభావమును భరించుటకు ఆళ్వారులంతటివారు కావలెను. సామాన్యుని యెడల భగవంతుడు ఓపిక పట్టుచున్నాడు. ఆ ఓపికయే వానికి ఆలస్యముగా తోచుచున్నది.

రంపపు పొట్టు

అట్లయిన జీవుడు చేయవలసినదేమియు లేదా? మంచు తనను తాను కరగించుకొనలేదు. వేడి సూర్యునిది, మంచుది కాదు. అట్లే కృప భగవంతునిది, నిర్హేతుకము. కాని మంచు ఎండకు చాటుగా దాగవచ్చును.

చెన్నపట్టణమున తిరువల్లిక్కేణిలో పార్థసారథి స్వామిని సేవించిన తెలుగు యాత్రికులకు, ఆ సముద్రతీరముననే యున్న ఐస్ హౌస్ అను కట్టడము తెలిసియే యుండును. 1897లో స్వామి వివేకానందులు బసచేసిన ఆ భవనము నేడు వారి పేరనే యున్నది. పందొమ్మిదవ శతాబ్దమున అది మంచుకు గిడ్డంగి. అమెరికాలోని చెరువులపై చలికాలమున కోసిన మంచుగడ్డలను ఓడలలో తెచ్చి అందు నిలువచేసెడివారు. ఫ్రెడరిక్ ట్యూడర్ అను వర్తకుడు నడిపిన వ్యాపారమది. 1833లో అతని ఓడ బోస్టను రేవున 180 టన్నుల మంచు నెక్కించుకొని, రెండుమార్లు భూమధ్యరేఖను దాటి, నాలుగు నెలలకు కలకత్తా చేరినప్పుడు ఇంకను ఇంచుమించు 100 టన్నులు మిగిలియుండెను. ఉష్ణదేశపు సముద్రములపై నాలుగు నెలలు మంచు కరుగక నిలుచుట ఎట్లు? గుప్తోష్ణము ఎక్కువ కావున మంచు స్వభావముచేతనే మెల్లగా కరుగును. దానికి తోడు రంపపు పొట్టు వంటివి దట్టముగా కప్పి వెలుపలి వేడి సోకనీయరు. నేటికిని మన ఊళ్ళలో ఐసు గడ్డపై రంపపు పొట్టు పోసి గోనె కప్పి యుంచుట చూచుచునే యున్నాము.

మానవుడు తన కాఠిన్యమును ఎట్లు కాపాడుకొనుచున్నాడో ఇందు కానవచ్చును. “నాదే న్యాయము” అను పొట్టు ఒక పొర. “ముందుగా వాడు రావలెను” అను గోనె మరియొక పొర. “నలుగురు ఏమందురో” అను మూత పైన. వీనిని కప్పుకొని పన్నెండేండ్లు పారాయణము చేసినను వేడి లోనికి చొరబడుట కష్టము. కృపను పుట్టించుట జీవుని వశములో లేదు. కృపకు అడ్డుపడకుండుట మాత్రము వాని వశములోనిదని పెద్దలు చెప్పుదురు. శరణాగతునకు విధింపబడిన పని అంతమాత్రమే.

ఒక్క చిటికెడు ఉప్పు వేసిన మంచు సున్నకు దిగువననే కరుగనారంభించుట మరియొక విశేషము. పాలైసు చేయువారు మంచులో ఉప్పు కలుపుట ఇందుకే. తనంతట సున్న డిగ్రీలవరకు ఎదుగజాలని మంచునకు కూడ లవణ సంసర్గముచేత కరుగు యోగ్యత కలుగుచున్నది. ఆచార్య సంబంధమును, భాగవత సహవాసమును పొందినవాని స్థితి అట్టిదే. వాని యోగ్యత పెరిగినదని కాదు. వాని యోగ్యతకు తగినట్లు మెట్టు దిగివచ్చినది.

సున్న డిగ్రీల వద్ద ఇరువురు

నీరు గడ్డకట్టు మెట్టును, మంచు కరుగు మెట్టును ఒక్కటే యని పైని చెప్పబడినది. ఇందు ఒక హెచ్చరిక కలదు. సున్న డిగ్రీల వద్దనున్న రెండు పాత్రలలో మంచును నీరును కలసియున్నవి. ఒక పాత్ర ఎండలోనున్నది, మరియొకటి చలిగాలిలోనున్నది. ఉష్ణమాపకము రెండింటను సున్ననే చూపును. కాని ఒకటి కరుగుచున్నది, రెండవది గడ్డకట్టుచున్నది. చూపునకు సమానులైన ఇరువురు భక్తులలో ఒకడు సన్నిధికి చేరువగుచుండవచ్చును, ఒకడు దూరమగుచుండవచ్చును. ఎవడు ఎటు సాగుచున్నాడో హృదయాంతర్యామియే యెరుగును. కావున సాటి భక్తుని చూచి “వీనిలో మార్పు లేదు” అని తీర్పు చెప్పుట తగదు. తనను గూర్చియు అట్టి తీర్పు తగదు. విచారింపవలసినది ఒక్కటే: తాను ఎండలోనున్నాడా, నీడకు పోయినాడా?

నీటి స్వభావములో ఆశ్చర్యకరమైనది మరియొకటి. చల్లబడుకొలది పదార్థములు సాధారణముగా కుంచించుకొని బరువెక్కును. నీరు మాత్రము నాలుగు డిగ్రీల వరకే అట్లు కుంచించును. అంతకన్న చల్లబడిన మరల వ్యాకోచించి తేలిక యగును. గడ్డకట్టినప్పుడు దాని పరిమాణము ఇంచుమించు నూటికి తొమ్మిది వంతులు పెరుగును. అందుచే మంచు అడుగునకు మునుగక నీటిపై తేలును. శీతల దేశములలో సరస్సు పైభాగమంతయు గడ్డకట్టినను, ఆ గడ్డయే కప్పువలె నిలిచి అడుగునీటిని చలినుండి కాపాడును. అడుగున నాలుగు డిగ్రీల నీరు నిలిచియుండగా చేపలు అందు జీవించును. పైనుండి చూచువానికి సరస్సు అంతయు రాయివలె తోచును. మానవహృదయమును అట్టిదే. కాఠిన్యము పైపొర. లోతున, అంతర్యామి వేంచేసియున్న చోట, గడ్డకట్టని తడి నిలిచియే యున్నది. చలించని హృదయమును శిలతో పోల్చిన ఆ భాగవతమే, జీవుని విడువక హృదయమున నుండు పరమాత్మను గూర్చియు చెప్పుచున్నది.

కరిగిన వేళ పడిన ముద్ర

ఇచట ఒక ఆక్షేపణ రావచ్చును. క్షేత్రమున కరిగిన మనసు ఇంటికి రాగానే మరల గడ్డకట్టును గదా, అట్టి కరుగుదలకు ఫలమేమి? ఆక్షేపణ సహేతుకమే. వేడి తొలగిన నీరు మరల మంచగుట నియమము. శ్రీకృష్ణభక్తులైన మధుసూదన సరస్వతి తమ భక్తిరసాయనమున చిత్తమును లక్కతో పోల్చినారు. లక్క స్వభావముచే గట్టిది. వేడి తగిలిన కరుగును. కరిగినప్పుడు కలిపిన రంగు గట్టిపడిన తరువాతను విడువదు. చిత్తము ద్రవించిన క్షణమున అందు ఏ రూపము ముద్రపడునో అది మరల ఘనీభవించినను నిలుచును. నీరును అట్లే, ఏ పాత్రలో గడ్డకట్టునో ఆ పాత్ర ఆకారమునే పొందును. కావున కరుగుట ఎంత ముఖ్యమో, కరిగిన వేళ ఎవరి ఎదుట నుంటిమను విషయమును అంత ముఖ్యము. దివ్యదేశ యాత్రలు, ఉత్సవములు, గోష్ఠులు ఏర్పడినది ఇందుకొరకే. మనసు ఒక్క క్షణము కరిగిన, ఆ క్షణమున ఎదుట స్వామి దివ్యమంగళ విగ్రహముండవలెను.

దృష్టాంతము సిద్ధాంతము కాదు. మంచు జడము, వేడి సోకిన కరుగక మానదు. జీవుడు చేతనుడు, చాటునకు తొలగగలడు, ఎండలోనికి రాగలడు. ఆ స్వాతంత్ర్యమే వాని బాధ్యత.

రెండు పోగులు

తప్తకుండపు గట్టున సంభాషణము ముగిసెను. చెంబులో మంచు ముద్ద ఇంకను కొంత మిగిలియుండెను. పండితుడు దానిని అలకనందలో వదలుమని చెప్పి లేచెను.

స్వామికి ఆరు మాసములు కప్పియుండిన నేతి కంబళి పోగులు ఆ దినమున ఆ గృహస్థునకు రెండు ప్రసాదముగా లభించినవి. మంచు గడ్డకట్టిన ఆ గర్భగృహమున స్వామి తిరుమేనిని అంటియుండిన పోగులవి. ఒకటి తన తిరువారాధన పెట్టెకు. రెండవది ఎవరికో అతడు చెప్పలేదు. పండితుడును అడుగలేదు.

స్వగ్రామము చేరిన మూడవ దినమున అతడు చేలగట్టుమీదుగా నడచి తమ్ముని గడపకు పోయెను. పన్నెండేండ్ల తరువాత వచ్చిన అన్నను చూచి తమ్ముడు అరుగుపైనుండి లేచి నిలిచెను. “బదరి ప్రసాదము” అని మాత్రము అన్న పలికెను. తమ్ముడు రెండు చేతులు చాచి అందుకొని, కన్నుల కద్దుకొని, లోనికి పోయెను. రమ్మని పిలువలేదు. అన్న కొంతసేపు వాకిట నిలిచి, వచ్చిన దారినే తిరిగి వెళ్ళెను.

ఏమి మారినది? చూచినవారికి ఏమియు మారలేదు. పాదరసము కదలలేదు. కాని ఆ సాయంకాలము గృహస్థుడు సంధ్య వార్చుకొని సహస్రనామమునకు కూర్చున్నప్పుడు, తమ్ముడు వాకిటికి రాలేదను కోపము కొరకు తనలో వెదకి చూచుకొనెను. అది ఉండవలసినంత లేకుండెను.

బదరీనారాయణుడు మంచు నడుమ వెలసి, వేడినీటి కుండమును పాదముల చెంతనే యుంచుకొన్నాడు. కరగవలసిన కాఠిన్యమును, కరగించు కృపయు ఆయన సన్నిధిని పక్కపక్కన నున్నవి. కానరాని వేడిమి ఒక్క కెలోరీయైనను వ్యర్థము కాదు. ఏండ్లు గడచినవని నిరాశ చెందక, పొట్టును గోనెను తొలగించుకొని, ఆ కృపాసూర్యుని ఎండలో నిలిచియుండుటయే భక్తుని కర్తవ్యము. కడపటి పలుకును కరగించు భారము స్వామిది.